పులిపిర్లు అనుకుని యాసిడ్ పూసుకున్న యువకుడు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నాడు. ఎవరో తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు మార్చాను. జబ్బు, పరీక్షలు, వైద్యం మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

వయసు 26. పెళ్లి కుదిరింది, ఇంకా నాలుగు నెలల టైముంది. ఓపీ అయిపోయే వేళకు వచ్చాడు. లోపలికి వచ్చాక తలుపు సరిగ్గా పడిందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని కూర్చున్నాడు.

"కింద కొంచెం మంటగా ఉంది సార్."

"ఎన్ని రోజుల నుంచి?"

"నాలుగు రోజులు."

"ఏం పూశారు?"

దానికి వెంటనే జవాబు రాలేదు. చర్మం డాక్టర్‌గా ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న ప్రశ్న ఇది. జననాంగాల మీద సమస్యతో వచ్చే మగవాళ్లలో ఏ మందూ పూయకుండా నేరుగా వచ్చేవాళ్లు చాలా తక్కువ. ముందు ఇంట్లో ఉన్న క్రీమ్, తర్వాత స్నేహితుడు చెప్పింది, ఆ తర్వాత మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది. నా దాకా వచ్చేసరికి అసలు జబ్బు కన్నా మందుల వల్ల వచ్చిన పుండే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే "ఏమైంది" కన్నా ముందు "ఏం పూశారు" అని అడుగుతాను.

అతను బ్యాగులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. చేతులకూ కాళ్లకూ వచ్చే పులిపిర్ల మీద వేసే మందు అది. అందులో సాలిసిలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ ఉంటాయి. అరికాలి చర్మం మందంగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అంగం తల మీద చర్మం అలాంటిది కాదు, పెదవి లోపలి పొరంత పల్చన. అక్కడ మూడు రాత్రులు వరసగా పూశాడు.

కథ మెల్లగా బయటికొచ్చింది. 14 నెలల క్రితం ఒకే ఒక్కసారి, కండోమ్ వాడి, ఒకరితో కలిశాడు. ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేదు. పెళ్లి కుదిరాక ఒకరోజు, జననాంగాల మీద పులిపిర్లకి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ గురించి ఎక్కడో చదివాడు. స్నానం చేస్తూ ముందు చర్మం వెనక్కి లాగి చూసుకుంటే అంగం తల అంచు చుట్టూ సన్నని బుడిపెలు వరసగా కనిపించాయి. అవి అంతకు ముందు ఉన్నాయా లేవా అంటే చెప్పలేకపోయాడు. అంత పట్టి చూసుకోవడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఐదు నెలలపాటు రోజుకు పదిసార్లు చూసుకోవడం, ఫోన్‌లో ఫొటోలు తీసుకోవడం, వాటిని ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలతో పోల్చుకోవడం. ఫోన్‌లో అలాంటి ఫొటోలు 61 ఉన్నాయి. స్నేహితుడిచ్చిన క్రీమ్ ఒకటి మూడు వారాలు రాశాడు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసిన రకం అది. ఆ బుడిపెలు పోకపోయేసరికి ఈ యాసిడ్.

"పెళ్లి క్యాన్సిల్ చేసేద్దామనుకుంటున్నా సార్. ఆ అమ్మాయికి అంటించలేను కదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు గొంతు పూడుకుపోయింది.

మొదటి రోజు చూసింది

ముందు చర్మం ఉబ్బి ఉంది. వెనక్కి లాగితే నొప్పి. అంగం తల అంచు పైభాగంలో, యాసిడ్ తగిలినంత మేర, చర్మం తెల్లగా కమిలి పొరలుగా ఊడుతోంది. దాని కింద ఎర్రటి పచ్చిపుండు. పక్కల్లో, యాసిడ్ చేరని చోట మాత్రం అసలు బుడిపెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు వరసలు. ఒక్కోటి సుమారు ఒక మిల్లీమీటరు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు, దేని మొదలు దానిదే.

డెర్మటోస్కోప్ అంటే చర్మాన్ని పెద్దది చేసి చూపించే, లైటు ఉన్న చిన్న పరికరం. నా దగ్గరున్నదాన్ని ఫోన్ కెమెరాకి తగిలించవచ్చు. ఆ రోజు అతని ఫోన్‌కే తగిలించి, స్క్రీన్ అతని వైపు తిప్పి చూపించాను. గుండ్రటి లేత గులాబీ గింజలు పక్కపక్కనే, మాల గుచ్చినట్టు. ఒక్కో గింజ మధ్యలో సన్నని ఎర్ర చుక్క. అది ఆ గింజలోకి వచ్చే చిన్న రక్తనాళం.

"ఇవి పులిపిర్లు కావు. జబ్బే కాదు. ఎవరి నుంచీ అంటలేదు, ఎవరికీ అంటవు" అని చెప్పాను.

వీటిని పెర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారు. పేరులోనే ముత్యం ఉంది, చూడ్డానికీ అలాగే ఉంటాయి. సన్నని రక్తనాళం చుట్టూ కాస్త పీచు కణజాలం చేరి ఏర్పడిన ఎత్తు ప్రదేశాలు, అంతే. యుక్తవయసులోనో ఇరవైల మొదట్లోనో కనబడతాయి, వయసు పెరిగే కొద్దీ తగ్గిపోతుంటాయి. సున్తీ అయినవాళ్లలో తక్కువ. అధ్యయనాన్ని బట్టి మగవాళ్లలో 14 నుంచి 48 శాతం దాకా ఇవి ఉన్నట్టు లెక్కలున్నాయి. అంటే బస్సులో పక్కన కూర్చున్న పదిమందిలో ఒకరిద్దరికైనా ఉంటాయి. శుభ్రత లేకపోవడం వల్ల రావు, సెక్స్ వల్ల రావు, క్యాన్సర్‌గా మారవు. లేజర్‌తో తీయించుకోవచ్చు కానీ అది అందం కోసం చేసే పని. నన్ను అడిగితే వద్దనే చెబుతాను.

పులిపిర్లకీ వీటికీ తేడా ఎలా తెలుస్తుంది? పులిపిరికి వరస ఉండదు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. పైన గరుకుగా ఉంటుంది. ఒకే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు చీలి కాలీఫ్లవర్ పువ్వులా కనబడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, వారాల్లో మారుతుంది: పెరుగుతుంది, సంఖ్య ఎక్కువవుతుంది. ఇతని 61 ఫొటోలూ తేదీల వారీగా చూశాను. ఐదు నెలల్లో యాసిడ్ పూసే ముందు దాకా ఒక్క గింజ పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. భయంతో తీసుకున్న ఆ ఫొటోలే చివరికి అతనికి సాక్ష్యంగా పనికొచ్చాయి.

ఆ రోజు వైద్యం పుండుకే. పూసే మందులన్నీ ఆపించాను. సెలైన్‌తో మెత్తగా కడగడం, పెట్రోలియం జెల్లీ పల్చగా రాయడం, నొప్పికి మాత్ర. ఒక హెచ్చరిక మాత్రం రెండుసార్లు చెప్పాను, చీటీ మీద కూడా రాశాను: కడగడానికి వెనక్కి లాగిన ముందు చర్మాన్ని మళ్లీ ముందుకి తేవాలి. వాపు ఉన్నప్పుడు అది వెనకే ఉండిపోతే బిగుసుకుపోయి రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. అది అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిన విషయం.

నేను చూడకుండా వదిలేసింది

పది రోజులకి మళ్లీ వచ్చాడు. పుండు మానింది, మొహంలో కళ వచ్చింది. పరీక్ష బల్ల మీద పడుకుని "ఇంకొకటి సార్, అది పెద్ద విషయం కాదులెండి. ట్రిమ్మర్ వాడితే ఇక్కడ దద్దుర్లు వస్తున్నాయి" అన్నాడు.

అంగం మొదట్లో, వెంట్రుకలు ఉండే చోట, ఏడు బుడిపెలు. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. నున్నగా, మెరుస్తూ, బొడ్డులా మధ్యలో చిన్న గుంట. నాలుగు ఒకే గీతలో ఉన్నాయి, ట్రిమ్మర్ కదిలిన దారి వెంట. డెర్మటోస్కోప్‌లో చూస్తే మధ్యలో తెల్లటి ముద్ద, చుట్టూ అంచున కిరీటంలా సన్నని రక్తనాళాలు. అనుమానమే లేదు, మొలస్కం కంటేజియోసం. పాక్స్ జాతి వైరస్ వల్ల వస్తుంది. ఇది అంటుకునేదే.

ఐదు నెలలు నిద్ర లేకుండా చేసినవి జబ్బు కాదు. దద్దుర్లని కొట్టిపారేసినవి జబ్బు. మొదటి రోజు నేను అంచు మీద పుండు దగ్గరే ఆగిపోయాను. అతను నొప్పితో ఉన్నాడు, సిగ్గుతో ఉన్నాడు, తొందరగా ముగిద్దామని అనిపించింది. ప్యాంటు మోకాళ్ల దాకా దించమని అడిగి ఉంటే ఆ రోజే దొరికేవి. ఆ పొరపాటు నాదే. అప్పటి నుంచి ఎంత చిన్న కంప్లయింట్ అయినా మొదటి విజిట్‌లోనే బొడ్డు కింద నుంచి తొడల దాకా చూస్తున్నాను, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో తడుముతున్నాను, అరచేతులు, నోరు కూడా చూస్తున్నాను. ఫొటో చూసి మందు రాయమని అడిగేవాళ్లకి నేను కాదని చెప్పడానికి కారణం కూడా ఇదే. పేషెంట్ తనకి భయమేసిన చోటునే ఫొటో తీసి పంపుతాడు.

ఎక్కడి నుంచి వచ్చింది

ఈ మాట చెప్పగానే పోయిన భయం మళ్లీ వచ్చేసింది. "అంటే ఆ రోజు వల్లే కదా సార్" అన్నాడు.

ఇక్కడ డాక్టర్ తొందరపడి ఒక మాట అంటే ఒక పెళ్లి ఆగిపోవచ్చు. అందుకని కూర్చోబెట్టి తేదీలు రాసుకున్నాం. పెద్దవాళ్లలో జననాంగాల దగ్గర వచ్చే మొలస్కం చాలావరకు శారీరక సంబంధం వల్లే వస్తుంది, అది నిజం. కానీ వైరస్ అంటిన తర్వాత బుడిపెలు కనబడటానికి సాధారణంగా రెండు నుంచి ఏడు వారాలు, బాగా ఆలస్యమైతే ఆరు నెలలు. ఇతనికి బుడిపెలు మొదలై మూడు నెలలు. కలిసింది 14 నెలల క్రితం. లెక్క కుదరదు. చర్మానికి చర్మం తగిలినా, తువ్వాళ్లు, రేజర్ల ద్వారా కూడా మొలస్కం అంటుతుంది. అడిగితే, గదిలో ముగ్గురూ ఒకే ట్రిమ్మర్ వాడుతున్నారని చెప్పాడు. అందులో ఒకతనికి తొడ మీద ఇలాంటివే ఉండేవట. అదే కారణమని నేను ప్రమాణం చేయలేను, చేయలేదు కూడా. 14 నెలల క్రితం జరిగినదానికి దీన్ని అంటగట్టడం సరి కాదని మాత్రం గట్టిగా చెప్పాను.

వ్యాపించడానికి కారణం ఇంకా స్పష్టం. బుడిపె మీద నుంచి బ్లేడు పోతే వైరస్ పక్క చర్మంలోకి వెళ్తుంది. అందుకే ఆ గీత. మూడు వారాలు రాసిన స్టెరాయిడ్ క్రీమ్ అక్కడికీ తగిలి ఉంటే అది కూడా చర్మం రక్షణని తగ్గించి వీటికి దారి ఇచ్చి ఉండొచ్చు.

పరీక్షలు అయినా చేయించాను. ఒక అంటువ్యాధి కనబడినప్పుడు మిగతావి చూడటం పద్ధతి. హెచ్‌ఐవీ పరీక్ష, సిఫిలిస్ అనే సుఖవ్యాధికి వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ అనే రక్తపరీక్షలు, హెపటైటిస్ బి పరీక్ష. ఇప్పటి నాలుగో తరం హెచ్‌ఐవీ పరీక్షని, కలిసి 45 రోజులు దాటితే నమ్మొచ్చు, సిఫిలిస్‌కి మూడు నెలలు ఆగి చూస్తాం. ఇతనికి రెండు గడువులూ ఎప్పుడో దాటిపోయాయి. అన్నీ నెగెటివ్. "హెచ్‌పీవీ టెస్ట్ కూడా రాయండి" అని అడిగాడు. ఇలాంటి మగవాళ్లకి ఆ పరీక్షని మామూలుగా సిఫారసు చేయరు. పాజిటివ్ వచ్చినా చేయగలిగింది ఏమీ ఉండదు, టెన్షన్ తప్ప. దానికి బదులు టీకా గురించి మాట్లాడాం. జననాంగాల పులిపిర్లలో పదింట తొమ్మిదికి కారణం హెచ్‌పీవీ 6, 11 రకాలు. క్యాన్సర్లకి ఎక్కువగా కారణమయ్యేవి 16, 18. నాలుగు హెచ్‌పీవీ రకాలని అడ్డుకునే టీకాలో, తొమ్మిది రకాలని అడ్డుకునే టీకాలో ఇవన్నీ ఉన్నాయి. రెండు రకాలనే అడ్డుకునే టీకాలో 6, 11 ఉండవు, కాబట్టి ఏది వేస్తున్నారో అడిగి వేయించుకోవాలి. ఉన్న పులిపిరిని టీకా తగ్గించదు.

వైద్యం, ఆ తర్వాత

మొలస్కం దానంతట అదే పోతుంది, కానీ ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. పెళ్లి దగ్గర్లో ఉంది కాబట్టి తీసేద్దామనుకున్నాం. మత్తు క్రీమ్ రాసి గంట ఆగి, క్యూరెట్ అనే చిన్న చెంచాలాంటి పరికరంతో ఒక్కోటి గీరి తీశాను. లోపలి నుంచి తెల్లటి గట్టి ముద్ద బయటికొస్తుంది, వైరస్ ఉండేది అందులోనే. ఇంట్లో గోళ్లతో గిల్లితే ఆ ముద్దే వేళ్లకి అంటుకుని ఇంకో చోటికి చేరుతుంది. ఆ చోట షేవింగ్, ట్రిమ్మింగ్ పూర్తిగా బంద్, తువ్వాలు వేరే, ఉన్నన్నాళ్లూ శారీరక సంబంధం వద్దు. కండోమ్ అంగాన్ని కప్పుతుంది గానీ వెంట్రుకలుండే చోటుని కప్పదు, అందుకే దీని విషయంలో అది సరిపోదు.

ఇంకో మందు కూడా రాశాను: రెండు వారాలు చూసుకోకూడదు. కడుక్కోవాలి, తుడుచుకోవాలి, వంగి పరిశీలించకూడదు. ఫోన్‌లో ఉన్న ఫొటోలు డిలీట్ చేయాలి. కొందరికి రిపోర్టులన్నీ బాగున్నా ఈ వెతుకులాట ఆగదు, నెలకో డాక్టర్ దగ్గరికి వెళ్తూనే ఉంటారు. అలాంటప్పుడు మానసిక వైద్యుడి సాయం తీసుకోమని నేనే చెబుతాను. ఇతనికి ఆ అవసరం రాలేదు.

మూడు వారాలకి కొత్తవి రెండు కనబడ్డాయి, తీసేశాను. ఇది మామూలే. మొదటిసారి కంటికి కనబడనంత చిన్నవి తర్వాత పెరుగుతాయి.

ఇలాంటి కేసుల్లో తికమక పెట్టేవి

మగవాళ్లు భయపడి చూపించే వాటిలో ముత్యాల వరస తర్వాత నాకు ఎక్కువగా కనబడేవి ఫోర్డైస్ స్పాట్స్. 1896లో జాన్ ఫోర్డైస్ అనే అమెరికన్ డాక్టర్ వీటిని వర్ణించాడు. చర్మంలో నూనె గ్రంథులు వెంట్రుక లేకుండా నేరుగా పైకి కనబడటమే ఇది. చర్మం లాగి పట్టుకుంటే పాలిపోయిన పసుపు చుక్కలు తేలతాయి, వదిలేస్తే మాయమవుతాయి. పెదవుల మీద కూడా ఉంటాయి. "మీ పై పెదవి అద్దంలో చూసుకోండి" అంటే చాలామందికి అక్కడికక్కడే భయం సగం పోతుంది. వీటికీ వైద్యం అక్కర్లేదు.

గజ్జి సంగతి వేరు. అంగం మీద, వృషణాల సంచి మీద ఎర్రటి గట్టి కురుపులు, రాత్రిపూట భరించలేని దురద ఉంటే ముందు వేళ్ల సందులు చూస్తాను, తర్వాత "ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా" అని అడుగుతాను. సుఖవ్యాధి అనుకుని నెలలు దాచుకున్నవాళ్లలో ఇది గజ్జిగా తేలిన సందర్భాలు చాలా చూశాను. పర్మెత్రిన్ క్రీమ్ ఇంట్లో అందరూ ఒకే రోజు, మెడ నుంచి కాళ్ల దాకా రాసుకుంటేనే పోతుంది. ఒక్కడే రాసుకుంటే మళ్లీ వస్తుంది.

కొన్ని మాత్రం ఆగకూడనివి. గుంపుగా నీటి పొక్కులు వచ్చి చితికి మంట పెడితే అది హెర్పిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు, మొదటి రోజుల్లోనే మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నొప్పి లేని పుండు మరీ ప్రమాదం. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు. సిఫిలిస్ మొదటి పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల సాగుతుంది. ఆ తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు రావొచ్చు, గజ్జల్లో తడిగా చదునైన బుడిపెలు రావొచ్చు. వాటిని చూసి పులిపిర్లని మోసపోయే అవకాశం డాక్టర్లకీ ఉంది. అందుకే గజ్జల్లో ఏ బుడిపె చూసినా రక్తపరీక్ష చేయిస్తాం. వైద్యం పెన్సిలిన్, సమయానికి ఇస్తే పూర్తిగా నయమవుతుంది. ఇక మూత్రంలో మంట, చీము, రక్తం కారే గడ్డ, మూడు వారాలైనా మానని పుండు ఉంటే ఆగకండి. నడివయసు దాటినవాళ్లలో బిగుసుకుపోయిన ముందు చర్మం కింద చేతికి తగిలే గట్టి గడ్డ ఉన్నా అంతే. అలాంటివి బయాప్సీ చేసి చూడాలి.

చర్మవ్యాధులు, సుఖవ్యాధులు రెండూ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది. వెళ్లే ముందు రెండు మూడు రోజులు ఏమీ పూయకండి, షేవ్ చేయకండి. పూసినవి ఉంటే ట్యూబులు, సీసాలు వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎవరితో కలిశారన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ తేదీలు మీ తప్పొప్పులు లెక్కపెట్టడానికి కాదు. ఇతని కేసులో అతన్ని బయటపడేసింది ఆ తేదీలే.

చివరి విజిట్

మూడో నెలలో వచ్చినప్పుడు చర్మం శుభ్రంగా ఉంది. ముత్యాల వరసలో యాసిడ్ తగిలిన చోట మాత్రం చిన్న మచ్చ, కొంచెం పాలిపోయిన రంగు. అది అలాగే ఉండిపోవచ్చని చెప్పాను.

పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి తనే చెప్పాడట, మొలస్కం గురించి, యాసిడ్ గురించి, అన్నీ. చెప్పమని నేను అనలేదు. ఎలా చెప్పాలో అడిగితే "జబ్బు పేరు, అది పోయిందన్న సంగతి, ఇప్పుడు అంటదన్న సంగతి, ఈ మూడు ముక్కలు ముందు చెప్పండి" అన్నాను. ఆమె రాసి పంపిన ప్రశ్న ఒకటి కాగితం మీద తెచ్చాడు: మళ్లీ వస్తుందా?

హెర్పిస్ వైరస్ ఒంట్లో దాక్కుని ఉండిపోతుంది, మొలస్కం వైరస్ అలా ఉండిపోదు. బుడిపెలు పోతే జబ్బు పోయినట్టే. మళ్లీ ఎవరి నుంచైనా అంటితే మాత్రం రావొచ్చు. అంచు చుట్టూ ఉన్న గింజలు ఉంటాయి, వాటితో ఎవరికీ ఏమీ కాదు. అదే కాగితం వెనక వైపు ఈ నాలుగు వాక్యాలూ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.